చెత్తకు మార్కులు

ఆ సోమవారం మధ్యాహ్నంలోగా నలభై జవాబు పత్రాలు దిద్దేసి, హాయిగా రెండో పాఠం మొదలుపెట్టాలని వసంత పథకం. ఆమె విజయవాడ నుంచి దక్షిణాఫ్రికాకు, డర్బన్‌లోని ఆ దూరవిద్యా కళాశాలకు వచ్చి ఏడాదైంది. కొత్త ప్రభుత్వం రాగానే పల్లె టీచర్లకు పర్యావరణ కోర్సు తయారుచేయమన్నారు. మొదటి అభ్యాసం ఆమె బుర్రలో పుట్టిందే: "వారం రోజులు మీ ఇంటి చెత్త విడదీసి, ఏది ఎక్కువో రాయండి."

టపా గది చూసే వల్లీ ఆంటీ గుమ్మంలో నిలబడింది. ఆవిడ ముత్తాతలు చెరుకు తోటల్లో కూలికొచ్చిన తెలుగువాళ్లు. ఆవిడకు మిగిలిన తెలుగు ఎక్కువగా తిట్టడానికే పనికొచ్చేది.

"వసంతా, లెటర్ లేదు, నీ వాళ్లు చెత్త పంపినారు. త్రీ బ్యాగ్స్, ఫుల్. ఏం కంపు, దేవుడా."

తప్పు ఎవరిదో వెంటనే తెలిసింది. పరీక్షల అధికారిణి బెరిల్ ముప్పై ఏళ్లుగా ప్రతి ప్రశ్నాపత్రానికీ ఒక చీటీ అంటిస్తోంది: "సాక్ష్యం జతపరచనివారికి సున్నా." ఆ మార్కుల మీదే ప్రమోషన్లు ఆధారపడ్డ టీచర్లకు చీటీ వేదవాక్కు. పైగా మార్కులు వేసేదాకా విద్యార్థి పంపినదేదీ పారేయకూడదని ఇంకో నియమం. మూటలన్నీ వరండాకెక్కాయి.

వసంత హడావిడిగా అందరికీ ఉత్తరం రాసింది. చెత్త వద్దు, ఈసారి మీ ఊరి వాగు గురించి రాయండి అని. బెరిల్ మనుషులు అలవాటుగా దానికీ చీటీ అంటించారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా పదిరోజులకు వాగు నీళ్ల సీసాలు దిగాయి. మార్‌బర్గ్ ఊరి నుంచి వచ్చిన సీసాకు మూత ఊడి, బెరిల్ బల్లమీది పరీక్ష పత్రాల్లో వాగు పారింది.

"శుక్రవారం కోర్సుల కమిటీ వస్తోంది. ఈ కోర్సు రద్దు చేయమంటాను. ఆ పల్లె టీచర్లకు అవునా కాదా అని టిక్కు పెట్టే ప్రశ్నలు చాలు," అంది బెరిల్. కోర్సు పోతే వసంత ఉద్యోగమూ పోయినట్టే.

వసంతకు భయం వేయలేదు, ఒళ్లు మండింది. వారమంతా చెత్త ఏరి, బస్సెక్కి పోస్టాఫీసుకు మోసుకెళ్లినవాళ్లకా టిక్కులు?

"క్షమాపణ చెప్పను, వరండా ఖాళీ చేయను. వచ్చిన ప్రతి మూటకూ మార్కులు వేస్తాను," అంది.

వల్లీ ఆంటీ చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుంది. "నేనూ చేస్తా. ముక్కు మూసుకో పిల్లా, స్టార్ట్."

శుక్రవారం కమిటీ అధ్యక్షుడు సామ్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. వరండాలో డబ్బాలు ఒకచోట, సంచులు ఒకచోట. అన్నిటికన్నా పెద్ద కుప్ప కాగితాలది.

"ఇంత కాగితం ఎక్కడిది?" అన్నాడు.

వసంత ఉమ్‌హ్లాలి ఊరి టీచరమ్మ జవాబు చేతికిచ్చింది. "మా ఇంట్లో ఎక్కువ చెత్త మీ కళాశాల పాత పాఠ్యపుస్తకాలే, మొత్తం పదకొండు. పొయ్యిలో పెడదామన్నా నున్నటి కాగితం, సరిగా అంటుకోదు."

పదకొండింటి అట్టమీదా రచయిత్రి పేరు బెరిల్. సామ్ అట్టనూ, పక్కనే నిలబడ్డ ఆవిడనూ మార్చి మార్చి చూశాడు. వసంత కోర్సు ఉంటుందన్నాడు. ఇకమీదట కళాశాలలో పాఠాలు రాసేవాళ్లంతా ముందు ఆ కోర్సు చదివి పాసవ్వాలన్నాడు.

బెరిల్ ఇంటి చెత్తమూట వారం తిరిగాక మంగళవారం వచ్చింది. వసంత దానికి నూటికి నలభై రెండు వేసింది.