పొగ రాని శనివారం

ఆ శనివారం ఉదయం ఆర్డెన్ కార్కమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తుంటి ఎముక మార్పించుకుని మూడు వారాలుగా ఆసుపత్రిలో ఉన్న భార్య ఎల్డా మధ్యాహ్నం మూడింటికి ఇంటికి వస్తుంది. ఆమె గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఇంట్లో ఇరవై ఒక్క డిగ్రీల వెచ్చదనం ఉండాలి. అంతకంటే ఆయన దేవుణ్ణి ఏమీ అడగలేదు.

అడగడానికి కారణం ఉంది. నోవా స్కోషియా తీరంలోని ఆ ఇంట్లో నలభై ఒక్క ఏళ్లుగా చలికాలమంతా చీకటితోనే లేచి కట్టెల పొయ్యి రాజేసింది ఎల్డాయే. ఆర్డెన్ కళ్లు తెరిచేసరికి ఇల్లు వెచ్చగా ఉండేది. తెల్లవారడం ఎలా జరుగుతుందో ఇదీ అలాగే జరిగిపోతుందని ఆయన నమ్మకం. ఎల్డా ఆసుపత్రికి వెళ్లిన మర్నాడు చల్లటి నేల మీద పాదం మోపి, ఆ పాదాన్ని మళ్లీ దుప్పట్లోకి లాక్కున్నప్పుడు గానీ ఆయనకు అసలు సంగతి తెలియలేదు. తెలిశాక చాలాసేపు మంచం మీదే కూర్చుండిపోయాడు. ఆ పూటే హీట్ పంప్‌కు పురమాయించాడు.

హీట్ పంప్ మంచి యంత్రం. బయటి చలిగాలిలో కూడా మిగిలున్న వేడిని పిండి ఇంట్లోకి తెస్తుంది. చలి మరీ ముదిరి అది చేతులెత్తేస్తే తోడుగా నేలమాళిగలో పాత ఆయిల్ ఫర్నేస్ ఉండనే ఉంది. ఎవరు ఎప్పుడు పని చేయాలో చెప్పే పెత్తనం మాత్రం హాలు గోడకున్న థర్మోస్టాట్‌ది. పట్నం నుంచి వచ్చిన మెకానిక్ గురువారం అన్నీ బిగించి, థర్మోస్టాట్ సరిచేసి, "దీన్ని ముట్టుకోకండి" అని చెప్పి వెళ్లాడు. ఆర్డెన్ కట్టెల పొయ్యిని ఊడదీసి షెడ్డులో పెట్టేశాడు. ఈ సంగతి కోవ్‌లో, అంటే అఖాతం ఒడ్డునున్న ఆ చిన్న పల్లెలో, ఒక్కరికీ చెప్పలేదు. అక్కడ ఒకరికి చెప్పడమంటే ఆసుపత్రిలో ఎల్డా మంచం పక్కన ఫోన్ మోగడమే.

అంతా బాగానే ఉండేది, శుక్రవారం పొద్దున ఫర్నేస్ ఒకసారి రాజుకోకుండా ఉంటే. పొగగొట్టంలోంచి ఎప్పటిలాగే పొగ పోయింది గానీ, ఇల్లంతా ఆయిల్ వాసన వేసింది. ఆ వాసన ఎల్డాకు పడదు, తలనొప్పి వస్తుంది. కాబట్టి ఫర్నేస్ నోరు మూయించాలి. ఇందులో ఆర్డెన్‌కు కష్టమేముంది? ముప్పై అయిదేళ్లు పడవల ఇంజన్లు బాగుచేసిన మనిషి. అఖాతం అవతల పోతున్న పడవ చప్పుడు విని, అందులో ఏ సిలిండర్ సరిగా కొట్టడం లేదో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఆ చేతులకు ఆ తీరమంతా మొక్కుతుంది. ఆయన గొప్పతనానికి ఉన్న ఒకే ఒక్క మచ్చ, యంత్రంతో పాటు వచ్చే పుస్తకాన్ని జన్మలో తెరవకపోవడం.

"ఇంజను బాగుచేయడానికి పుస్తకం చూసేవాడు, ఆకలేస్తోందో లేదో తెలుసుకోవడానికి వంటల పుస్తకం చూస్తాడు" అనేవాడు.

శనివారం ఉదయం ఆరింటికి దీపం కావలసి వచ్చి, గోడకున్న ఫోన్ పెట్టె ప్లగ్గు పీకి అక్కడ దీపం పెట్టుకున్నాడు. థర్మోస్టాట్ మీద ఒక బొత్తాం నొక్కి పట్టుకున్నాడు. మెకానిక్ చెప్పినవన్నీ థర్మోస్టాట్ మరిచిపోయి మొదటి నుంచీ ప్రశ్నలు వేయసాగింది. కొన్నింటికి ఆయన జవాబిచ్చాడు. అప్పుడు వచ్చింది: వేడిని లోపలికో బయటికో మళ్లించే వాల్వ్‌కు కరెంటు ఎప్పుడు అందాలి, చల్లబరిచేటప్పుడా, వేడి చేసేటప్పుడా?

నవంబరు నెలాఖరులో ఇలాంటి ప్రశ్న అడిగిన పెట్టెను ఆర్డెన్ జాలిగా చూశాడు. "వేడి చేసేటప్పుడు" అని నొక్కాడు. బుద్ధి ఉన్నవాడెవడైనా అదే నొక్కుతాడు. బయట ఎంత చలి ఉంటే ఫర్నేస్‌ను రానివ్వాలని అడిగితే మైనస్ ఇరవై అయిదు అన్నాడు. బయట అప్పుడు ఒక డిగ్రీ. ఇక ఈ చలికాలంలో ఫర్నేస్ ముఖం చూడనక్కర్లేదు.

ఇంట్లో పదిహేడు డిగ్రీలుంది. ఇరవై ఒకటి అడిగాడు. అరగంటకు పదహారయింది. యంత్రం ఇంకా ఒళ్లు వంచలేదనుకుని ఇరవై మూడు అడిగాడు. పదిహేనయింది. ఇరవై అయిదు అడిగాడు. యంత్రం మాత్రం పాపం ఊపిరి సలపకుండా తిరుగుతూనే ఉంది. ఆర్డెన్ కోటు వేసుకున్నాడు. పద్నాలుగయ్యాక టోపీ కూడా పెట్టుకున్నాడు.

అఖాతానికి ఆవలి ఒడ్డున ఎనభై మూడేళ్ల బ్యూలా జింక్ ఉంటుంది. మొగుడి పడవ నాటి దుర్భిణి చేతబట్టుకుని, టీ తాగుతూ, రోజూ ఉదయం ఏడింటికి కోవ్‌లోని పదకొండు పొగగొట్టాలనూ లెక్క చూస్తుంది. పొగ వస్తే మనిషి లేచినట్టు. రాకపోతే ఫోన్ చేస్తుంది. ఆ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు, ఎవరూ వద్దనలేదు. రెండేళ్ల క్రితం మెట్ల మీంచి పడ్డ విల్లిస్ ఈ రోజు బతికి ఉన్నాడంటే ఆ దుర్భిణి చలవే. ఆ శనివారం ఏడింటికి పది పొగగొట్టాల్లోంచి పొగ వచ్చింది. ఎనిమిదింటికీ పదే.

ఎనిమిదిన్నరకు ఆమె లెరాయ్ ఐస్నర్‌కు ఫోన్ చేసింది. లెరాయ్ వారంలో అయిదు రోజులు స్కూలు బస్సు నడుపుతాడు, మిగతా సమయంలో కోవ్ అగ్నిమాపక దళానికి నాయకుడు.

"ఆర్డెన్ పొయ్యి రాజుకోలేదు."

"ఇంకా లేచి ఉండడులే, బ్యూలా అత్తా."

"ఎనిమిదిసార్లు ఫోన్ చేశా. తియ్యట్లేదు. మొన్న గుడ్డు ఉడకబెట్టబోయి గిన్నె మాడ్చుకున్నాడు వాడు. ఇప్పుడు కబుర్లెందుకు, బండి తీస్తావా లేదా?"

లెరాయ్ అయిదుగురిని వెంటేసుకుని బండి తీశాడు. హాలు కిటికీలోంచి తొంగి చూస్తే ఆర్డెన్ నేల మీద బోర్లా పడి ఉన్నాడు. కోటుతో, టోపీతో, ఒక చెయ్యి ముందుకు చాచి. గాలి వచ్చే చిల్లు దగ్గర చెయ్యిపెట్టి, వస్తున్నది వేడిగాలో చల్లగాలో తేల్చుకునే ప్రయత్నంలో ఉన్నాడని ఎవరు మాత్రం అనుకుంటారు? ఒకతను అప్పుడే ఇంటికి ఫోన్ చేసి, "నేల మీద పడున్నాడు, కదలట్లేదు" అని చెప్పేశాడు. లెరాయ్ రెండడుగులు వెనక్కి వేసి భుజంతో తలుపును గుద్దాడు. తలుపు చట్రంతో సహా ఇంట్లోకి వచ్చింది.

"ఆర్డెన్, ఊపిరి ఆడుతోందా?"

ఆర్డెన్ తలెత్తి చూశాడు. "ఆడుతోంది. లెరాయ్, ఆ తలుపుకి తాళం లేదు."

"లేదా?"

"ఈ కోవ్‌లో ఎవడు వేస్తాడు తాళం? నువ్వు వేస్తావా?"

"లేదనుకో. కానీ శిక్షణలో ఇలాగే నేర్పారు" అన్నాడు లెరాయ్, భుజం రుద్దుకుంటూ.

వచ్చినవాళ్లు వెంటనే పనిలో పడ్డారు. ఇద్దరు మేకులు, సుత్తి తెచ్చి తలుపును మళ్లీ నిలబెట్టారు, సందుల్లో గుడ్డలు కుక్కారు. మిగతావాళ్లు థర్మోస్టాట్ చుట్టూ మూగారు. ఒకడు ఇంకాస్త పెంచమన్నాడు. పెంచారు, పదమూడయింది. ఒకడు యంత్రానికి అలవాటు పడటానికి రెండు రోజులు పడుతుందన్నాడు. లెరాయ్ ఇరవై ఎనిమిది దగ్గర పెట్టాడు. పన్నెండయింది.

ఈలోగా "కదలట్లేదు" అన్న మాట చర్చి వంటగదికి చేరి, అక్కడ "పోయాడు" అయింది. కోవ్ ఆడవాళ్లకు చావు కబురు అందితే ఏడుపు తరవాత, ముందు పొయ్యి వెలగాలి. పన్నెండున్నరకు ఐడెల్లా ఖర్జూరం ముక్కల పళ్లెంతో గుమ్మంలోకి వచ్చి, ఎదురుగా నిలబడ్డ ఆర్డెన్‌ను పైకీ కిందికీ చూసింది.

"పోయావన్నారే?"

"లేదు, ఐడెల్లా."

"పోనీలే. ఎలాగూ చేశాను, పట్టుకో."

ఆమె వెనక చేపల వడలు వచ్చాయి, బెల్లపు పాకం రొట్టె వచ్చింది, పులియబెట్టిన క్యాబేజీ, సాసేజీలు, మూడు రకాల శాండ్విచ్‌లు వచ్చాయి. వాటిని తెచ్చినవాళ్లు వచ్చారు, వాళ్ల మొగుళ్లు వచ్చారు. చివరికి దుర్భిణి మెడలో వేసుకుని బ్యూలా స్వయంగా వచ్చింది. బతికున్నవాడి ఇంట్లో కూడా చలి చలేగా అని వంటగదిలో ఓవెన్ వెలిగించి గిన్నెలన్నీ అందులో పెట్టారు. నలభై మంది దాకా తేలారు. చనిపోతే తనకు ఇంత తిండి వస్తుందని ఆర్డెన్‌కు ఇంతకు ముందు తెలియదు. అప్పుడు ఒక్కసారిగా గుర్తొచ్చింది.

"ఎల్డాకు ఎవరూ చెప్పలేదు కదా?"

బ్యూలా టీ కప్పు కింద పెట్టింది.

"ఎల్డాకు నేనెందుకు చెప్తాను? నర్సుకి చెప్పా. నెమ్మదిగా చెప్పమన్నా."

ఆర్డెన్ ఫోన్ దగ్గరికి పరిగెత్తాడు. చప్పుడు లేదు. ప్లగ్గు తానే పీకిన సంగతి గుర్తొచ్చి, దీపం తీసి అది పెట్టి ఆసుపత్రికి చేశాడు. ఎల్డాను చెల్లెలు విడా గంట క్రితమే కారులో తీసుకెళ్లింది. పొద్దుటి నర్సు డ్యూటీ దిగిపోయింది. ఆమె చెప్పిందో లేదో అక్కడ ఎవరికీ తెలియదు. ఆర్డెన్ కిటికీ దగ్గర నిలబడి రోడ్డు మలుపు వైపు చూస్తూ ఉండిపోయాడు. కొత్త తుంటితో, ఊతకర్రల బండి పట్టుకుని, తను విధవనయ్యాననుకుంటూ వస్తున్న మనిషిని వెచ్చటి ఇంటితో ఆహ్వానించాలనుకున్నాడు. ఆ పథకం ఇప్పుడు అడుక్కి చేరింది.

మూడింటికి విడా కారు మలుపు మీద కనిపించి, ఎన్నడూ లేని వేగంతో వచ్చి ఆగింది. వాకిట్లో అగ్నిమాపక బండి, రోడ్డు పొడుగునా కార్లు. ఇంట్లోవాళ్లు రెండుగా చీలి దారి ఇచ్చారు. ఎల్డా ఊతబండిని ఒక్కో అడుగే జరుపుతూ లోపలికొచ్చి ఆర్డెన్ ఎదురుగా ఆగింది. చెయ్యెత్తి ఆయన చెంప ముట్టుకుంది.

"ఆ టోపీ తియ్యి" అంది. "ఇంట్లో జనం ఉన్నారు."

"నీకెవరైనా ఏమైనా చెప్పారా?"

"ఎవరూ ఏమీ చెప్పలేదు. మలుపు తిరగ్గానే చూశా. పొగ లేదు. ఇక్కడిదాకా నేను ఊపిరి తీసుకోలేదు, ఆర్డెన్. పొయ్యి ఏమయింది?"

ఆర్డెన్ నలభై మంది ముందు, టోపీ చేతిలో నలుపుకుంటూ చెప్పాడు. "షెడ్డులో పెట్టేశా. నలభై ఒక్క ఏళ్లు నాకోసం చలిలో లేచావు. నీకు చలేయదా అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఇక నువ్వు లేవనక్కర్లేదని యంత్రం పెట్టించా. అది నా మాట వినట్లేదు."

ఎల్డా కుర్చీలో కూర్చుని, కోటు బొత్తాలు విప్పుకుంది. "వెచ్చగానే ఉందిగా" అంది.

అందరూ థర్మోస్టాట్ వైపు చూశారు. ఇరవై ఒకటి. సరిగ్గా ఇరవై ఒకటి. ఆర్డెన్ ఛాతీ ఒక అంగుళం వెడల్పయింది, ఒక్క క్షణం మాత్రమే. ఎల్డా పాదం చాచి గాలి వచ్చే చిల్లు మీద పెట్టింది.

"ఇక్కడ మంచులా వస్తోంది. ఇది యంత్రం వేడి కాదు, జనం వేడి. లెరాయ్, పుస్తకం తీసుకురా."

"ఏ పుస్తకం?"

"కొత్త యంత్రం వస్తే దాంతో ఒక పుస్తకం వస్తుంది. అది వంటగది బల్ల కుంటి కాలు కింద ఉంటుంది."

అక్కడే ఉంది. ఎల్డా ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కిటికీలో కూర్చున్న మనిషి. మందు సీసా మీద అచ్చయినదంతా, తయారీదారు చిరునామా దాకా చదివాక గానీ మూత తీయదు. కళ్లజోడు పెట్టుకుని పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. గదిలో ఎవరూ తొందరపెట్టలేదు. ముప్పై ఒకటో పేజీ అడుగున, చీమంత అక్షరాల దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఈ కంపెనీ యంత్రంలో ఆ వాల్వ్‌కి కరెంటు అందితే చల్లబరుస్తుంది. అందకపోతే వేడి చేస్తుంది. నువ్వు వేడి చేసేటప్పుడు అందాలన్నావు. అందుకే నువ్వు వేడి అడిగినకొద్దీ ఇది ఇంట్లో వేడంతా మూటగట్టి బయట సముద్రానికిచ్చింది."

ఆర్డెన్ ముప్పై అయిదేళ్లలో ఇంజన్ల గురించి ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆ రోజు నోరు కొంచెం తెరిచి, భార్య వైపు కొత్త పడవను చూసినట్టు చూశాడు. ఆమె చెప్పగా రెండు బొత్తాలు నొక్కాడు. ఫర్నేస్‌ను మైనస్ పన్నెండు దగ్గర రానివ్వమని కూడా ఆమే పెట్టించింది.

"వాసన నీకు పడదుగా" అన్నాడు ఆర్డెన్.

"గడ్డకట్టడం అంతకన్నా పడదు. చలి బాగా ముదిరిన నాలుగు రోజులకేగా అది."

యంత్రం ఒకసారి ఆగి, నిట్టూర్చి, మళ్లీ అందుకుంది. ఈసారి చిల్లులోంచి వెచ్చటి గాలి వచ్చింది. జనం వేడి, ఓవెన్ వేడి, యంత్రం వేడి, మూడూ కలిసి అరగంటలో ఇరవై ఏడు దాటించాయి. కోట్లు ఊడాయి, స్వెట్టర్లు ఊడాయి, కిటికీలు తెరుచుకున్నాయి.

"కాస్త చల్లబరిచేదెలా?" అడిగింది ఐడెల్లా, విసురుకుంటూ.

"ఆర్డెన్‌ని అడుగు" అన్నాడు లెరాయ్. "అది ఆయనకు బాగా వచ్చు."

అందరూ భోజనాలకు కూర్చున్నారు. బ్యూలా ఒక్కతే దిగులుగా ఉంది. ఇక మీదట ఈ ఇంటి నుంచి పొగ రాకపోతే తను దేన్ని చూడాలి? దానికి ఎల్డా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. రోజూ ఏడింటిలోపు వంటగది కిటికీ తెర పైకెత్తుతారు. తెర లేస్తే మనుషులు లేచినట్టు.

"ఆ పని నాది" అన్నాడు ఆర్డెన్. "ఇకనుంచి రోజూ నేనే లేస్తా."

ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. కానీ ఆ ఇంట్లో ఆదివారం ఉదయం మొదటిసారిగా ఎవరూ లేవకుండానే నేల వెచ్చగా ఉంది, దుప్పటి వెచ్చగా ఉంది, పక్కన ఎల్డా ఉంది. ఏడయింది, ఎనిమిదయింది, ఇద్దరూ హాయిగా నిద్రపోతూనే ఉన్నారు.

ఎనిమిదీ నలభైకి అగ్నిమాపక బండి వచ్చింది; ఈసారి లెరాయ్ ముందు తలుపు పిడి తిప్పి చూశాడు.