గుబురయ్య గారి టీకా ప్రారంభోత్సవం

ఒక పెద్ద అడవిలో, పెద్దలే తప్ప పెద్దరికం లేని అడవిలో లెండి, గుబురయ్య అనే ఎలుగుబంటి ఆరోగ్య సంఘానికి అధ్యక్షుడు.

పక్క అడవిలో పిల్లలకు మెదడు పొరల వాపు జబ్బు తగిలిందని తెలియగానే డాక్టర్ కొంగమ్మ మంచుపెట్టెలో టీకాలు తెప్పించింది. మెదడు చుట్టూ ఉండే పొరలు వాస్తాయట. జ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం కనబడితే ఒక్క పూట కూడా ఆగకూడదట. ముందే టీకా వేస్తే చాలావరకు తప్పించుకోవచ్చు, రేపే మొదలుపెడదామంది.

గుబురయ్యకు ఒళ్ళు మండింది. సింహం గారు రిబ్బను కత్తిరించకుండా ఈ అడవిలో నీటిగుంట కూడా మొదలవదు. పైగా ఆయన కంట్లో పడితే మంత్రి పదవి ఖాయమని అతని ఆశ.

"ముందే వేసేస్తే ఇంక ప్రారంభించడానికి ఏం మిగుల్తుందమ్మా?" అన్నాడు.

సింహం గారికి తీరిక దొరికేసరికి వారాలు గడిచాయి. ఆ రోజు రానే వచ్చింది. పెట్టెలో ఉంటే ఎవరికి కనబడతాయని గుబురయ్య టీకా సీసాలన్నీ బయటికి తీయించి, వేదిక మీద బారుగా పేర్పించి, పూలదండ వేయించాడు. ఎండ చుర్రుమంటోంది. పొద్దున్నే వస్తానన్న సింహం గారు పొద్దువాలాక వచ్చి, పిల్లల ఆరోగ్యం గురించి పిల్లలు జడుసుకునేలా గర్జించారు.

కొంగమ్మ సీసాలు పట్టుకుని చూసింది. "వేడెక్కి పాడైపోయాయి. వీటిని నేను వేయను," అంది.

రాజుగారి ముందు పరువు పోగొట్టుకుంటాడా? తన కొడుకు చిట్టిగాణ్ణి చంకనెత్తుకుని, ఖాళీ సూది వాడి భుజం దగ్గర పట్టుకుని గుబురయ్య పళ్ళికిలించాడు. కోతి ఫొటో తీసింది. ఆ ఫొటో ఇంట్లో గోడకెక్కింది. చూసీ చూసీ చివరికి గుబురయ్యే నమ్మేశాడు.

అందుకే చిట్టిగాడికి ఒళ్ళు కాలిపోయి, వాంతులై, మెడ వంచలేక ఏడుస్తుంటే, డాక్టరు దగ్గరికి పోదామని పెళ్ళాం నల్లమ్మ కాళ్ళావేళ్ళా పడినా కదల్లేదు.

"నీకేమన్నా పిచ్చా? అడవి మొత్తానికి మొదటి టీకా మనవాడిదే," అని ఫొటో చూపించాడు.

తెల్లారి వాడు వెలుతురు చూడలేక కెవ్వుమన్నాక పరుగెత్తాడు. కొంగమ్మ ప్రాణమైతే నిలబెట్టింది. చెవులు మాత్రం పోయాయి. గుబురయ్య ఏడ్చాడు, పాపం నిజంగానే ఏడ్చాడు.

ఆ నెలలోనే ఆయన్ను ఆరోగ్య మంత్రిని చేశారు. ప్రమాణ స్వీకారం నాడు వేదిక దద్దరిల్లిపోతుంటే చిట్టిగాడు తల్లి ఒళ్ళోంచి అడిగాడు.

"అమ్మా, అందరూ చేతులు ఎందుకు కొట్టుకుంటున్నారు?"

నీతి: పిల్లలకు సకాలంలో టీకా వేయించేవాడు జన్మలో మంత్రి కాలేడు.