మావారి నడుము ఎప్పుడు వంగాలి?

కాపురం పచ్చగా ఉండాలంటే మొగుడికి గోల్ఫ్ పిచ్చి పట్టాలి. మామూలు పిచ్చి చాలదు. కర్ర ఊపేటప్పుడు నడుము పక్కకి ఎప్పుడు వంగాలన్న పిచ్చి పట్టాలి! నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

విషయం తెలియనివాళ్ల కోసం కాస్త వివరిస్తాను. పైకెత్తిన కర్రని కిందికి దించేటప్పుడు ఒళ్లు కుడిపక్కకి వంగాలట. తొందరపడి వంగితే కర్ర బంతిని వదిలేసి నేలని దున్నుతుంది. ఆలస్యంగా వంగితే బంతి నెత్తిన తగులుతుంది. అది సిగ్గుపడినట్టు నాలుగడుగులు దొర్లి ఆగిపోతుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఒక రెప్పపాటు ఉంది. దాన్ని పట్టుకోవడానికి మావారు ఉద్యోగం తప్ప మిగిలినవన్నీ వదిలేశారు.

దీనివల్ల మాకు ఎంత మేలు జరిగిందో చూడండి! ఇదివరకు ఇంట్లో చీపురు ముట్టని మనిషి ఇప్పుడు దాన్ని కింద పెట్టడం లేదు. ఊడవరు, ఊపుతారంతే. అయినా ముట్టుకున్నారు కదా? లిఫ్టులో గొడుగు పట్టుకుని పక్కకి వంగుతుంటే పై అంతస్తావిడ జాలిపడి నొప్పుల మందు తెచ్చిచ్చింది. ఇరుగుపొరుగుతో స్నేహాలు ఇలాగే కదండీ పెరిగేది!

అన్నిటికన్నా వింత మా అత్తగారు. ఆవిడకీ నాకూ ఏనాడూ పొత్తు కుదరలేదు. ఇప్పుడు ఒకే సోఫాలో కూర్చుని ఆయన స్లోమోషన్ వీడియోలు గుడ్లప్పగించి చూస్తున్నాం.

"ఒరేయ్, కర్ర దిగకముందే వంగిపోతున్నావురా," అంటారావిడ. తరవాత నాతో, "వీడికి ముందునుంచీ తొందరేనమ్మా. పుట్టడం కూడా నెల ముందే పుట్టాడు," అంటారు.

ఇక ఆదివారాలు! నేను ప్రాక్టీస్ గ్రౌండులో గడ్డిమీద బోర్లా పడుకుని ఆయన నడుముని వీడియో తీస్తాను. భర్త నడుముకేసి ఇంత శ్రద్ధగా చూసే భార్య ఎక్కడైనా ఉంటుందా? ఆయన నా మొహంకేసి చూడరు. అది వేరే విషయం.

ఆమధ్య ఒక ఆదివారం ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. ఆయన కారులో ఉన్న చార్జర్ కోసం వెళ్లారు. ఊరికే కూర్చోవడమెందుకని కర్ర తీసుకుని, దుమ్ము పట్టిన పరుపుని దులిపినట్టు ఒక్కటిచ్చాను.

ఠప్!

బంతి లేచింది. ఇంకా ఇంకా పైకి లేచి, దూరంగా ఉన్న జెండా దాటి ఎక్కడో పడింది. అమ్మో! నా కడుపు నిండిపోయింది. చిన్నపిల్లలా గంతులేశాను. అంత సంతోషం నేను ఈమధ్య కాలంలో ఎరగను.

వెనక మావారు చార్జర్ పట్టుకుని నిలబడిపోయి ఉన్నారు.

"నువ్వే కొట్టావా?"

"అవునండీ! ఎంత దూరం పోయిందో చూశారా?"

"నడుము ఎప్పుడు వంచావు?"

"ఏమో, వంగిందో లేదో కూడా తెలీదు."

"తెలీకుండా కొడితే కొట్టినట్టు కాదు," అన్నారు మొహం ముడుచుకుని.

ఈలోగా చుట్టుపక్కల కొడుతున్నవాళ్లంతా మూగారు. ఒకాయన నా భుజం ఎక్కడుండాలో చెప్పాడు, ఇంకొకాయన మోకాలి సంగతి చూశాడు. చెప్పమని వాళ్లని అడిగినవాళ్లు మాత్రం లేరు! ఆ వారంలోనే మావారు నాకో కోచ్‌ని కుదిర్చారు.

ఇప్పుడు నాకు అన్నీ తెలుసు. ఏ ఎముక తరవాత ఏ ఎముక కదలాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బంతి మాత్రం కదలడం లేదు.

మావారి ప్రేమ చూడాలి! "బాధపడకు, ఇదంతా ఏళ్ల తరబడి సాధన," అంటూ స్వయంగా కాఫీ కలిపిస్తున్నారు. నేను నేలని దున్నినప్పుడల్లా ఆయన మొహం వెలిగిపోతోంది. దంపతులన్నాక సమానంగా ఉండాలి కదా?

కాబట్టి నాకే లోటూ లేదు. ఆ బంతి అలా పైకి లేస్తుంటే ఇంకొక్కసారి చూడాలని ఉంది, అంతే.

వచ్చే ఆదివారం మావారు ఆఫీసు పనిమీద పొరుగూరు వెళుతున్నారు. కోచ్‌ని రావద్దన్నాను. బుట్టెడు బంతులు నాకోసం తీసి ఉంచమని గ్రౌండువాళ్లకి చెప్పాను. అత్తగారు కూడా వస్తారట, తనకీ ఒక కర్ర కావాలట.

ఇదంతా పత్రికలో రాసేస్తే ఆయనకి తెలిసిపోదా అంటారా? మావారు చదవరు లెండి. వీడియోలే చూస్తారు.