ఇంటి ముందు

ఆదివారం పొద్దున అచ్చుతప్పులాయన చెయ్యదలుచుకున్న పని ఒక్కటే. కూలిన వంటింటి గోడ ఇటుకలు ఏరి ఒకచోట పేర్చాలి. ఇరవై ఆరేళ్లుగా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతున్నందుకు, అచ్చుతప్పులాయన అన్నది వీధి ఆయనకు పెట్టిన పేరు. వరద వచ్చి వెళ్లి మూడు వారాలైంది. ఇంటికి ముందువైపు నడుమెత్తున బురద గీత తప్ప పెద్ద నష్టం లేదు. వెనక వంటింటి గోడ మాత్రం పెరట్లోకి బోర్లా పడింది. అప్పటినుంచి ఆయన భార్య హాల్లో పొయ్యి పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి దగ్గుతూ వండుతోంది. గోడ లేపించే పూచీ తనదని ఆయన మాటిచ్చి కూడా మూడు వారాలే అయింది.

మొదటి ఇటుక చేతిలో ఉండగానే ఫోను మోగింది. పాత ఇళ్లను కొత్తగా మార్చి చూపించే టీవీ కార్యక్రమం వాళ్లు. ఈసారి వరదకు దెబ్బతిన్న ఇళ్లు బాగుచేస్తారట. ఆయన పంపిన అర్జీ నచ్చిందట. బుధవారం లారీడు ఇటుకలతో, మేస్త్రీలతో సహా దిగుతారట.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి సార్," అంది టీవీ అమ్మాయి. "మీ ఇంటి ముందు బాగా రావాలి. ముందు బాగుంటేనే తర్వాత బాగుంటుంది."

ఆయన ఇటుక కింద పెట్టేశాడు.

ఇల్లు బాగుచేసేవాళ్లకు బాగున్న ఇల్లు దేనికని భార్య అడిగింది. పక్కింటి దర్జీ కూడా అదే అడిగాడు. ఆయన ఇద్దరికీ ఓపిగ్గా షష్ఠీ విభక్తి బోధించాడు. 'ఇంటి ముందు' అంటే ఇంటికి ఎదుటి భాగమేననీ, అందులో రెండో అర్థం తీసేవాళ్ల కోసమే ప్రూఫ్‌రీడర్లు పుట్టారనీ తేల్చేశాడు. మాటల దగ్గర ఆయనతో వాదించి గెలిచినవాళ్లు ఆ వీధిలో లేరు. అదే కొంప ముంచింది.

సోమవారం సెలవు పెట్టి బురద గీత గీకేసి, గోడకు లేత పసుపు రంగు వేశాడు. తలుపుకు వార్నీషు పూశాడు. లారీ తన గుమ్మం దాటిపోతుందేమోనని దర్జీ నీలం రంగు కొట్టాడు. దర్జీని చూసి ఎదురింటివాళ్లు, వాళ్లను చూసి మిగతావాళ్లు. మంగళవారం సాయంత్రానికి తొమ్మిది ఇళ్లూ ఫొటోకు నిలబడ్డట్టు తయారయ్యాయి. ఉబ్బిపోయిన బీరువాలు, విరిగిన మంచాలు ఇళ్ల వెనక్కి చేరాయి. పెరడు లేనివాళ్లు అచ్చుతప్పులాయన పెరట్లో పడేశారు. సూత్రం ఆయనదే కాబట్టి కాదనలేకపోయాడు.

బుధవారం టీవీ వ్యాను వీధి మొదట్లో ఆగి, అటునుంచటే వెనక్కి తిరగబోయింది. ఆయన చెప్పులు లేకుండా పరుగెత్తి ఆపాడు.

"వరదొచ్చిన వీధి ఎటు సార్?" అందా అమ్మాయి.

"ఇదేనమ్మా. ముందు ఎలా వచ్చింది?"

"ముందేది సార్? ముందంటే మేం బాగుచెయ్యక ముందు. కూలిన గోడలు, బురద, నీటి గీత ఉండాలి. ఇదంతా తర్వాత కదండీ."

ఆయనకు చెవుల్లో షష్ఠీ విభక్తి గుయ్యిమంది. దర్జీ ముఖం చూడటానికి సిగ్గేసింది. వరద ఆ వీధిలో ఆరిళ్లనే ముంచితే తాను తొమ్మిదింటినీ ముంచాడు.

ఈలోగా కెమెరామన్ మంచినీళ్లు అడిగితే ఆయన భార్య లోపలికి తీసుకెళ్లింది. కాసేపటికి పెరట్లోంచి అతని కేక వినిపించింది, ముందు దొరికిందని. కూలిన గోడనూ, వీధి చెత్తనూ, పొయ్యి దగ్గర దగ్గుతున్న ఆమెనూ అన్ని వైపులనుంచీ తీశారు. తర్వాత ఆమెనే పసుపు గోడ పక్కన నిలబెట్టి, నవ్వమని చెప్పి తీశారు. అచ్చుతప్పులాయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇటుకలు ఎక్కడ దింపిస్తారని టీవీ అమ్మాయిని అడిగాడు.

"ఇక్కడెందుకు సార్? ముందూ దొరికింది, తర్వాతా దొరికింది. ఇంక కట్టడానికేముంది?"

లారీ పక్క వీధికి వెళ్లింది. అక్కడ బురదను ఎవరూ ముట్టుకోలేదట.

తర్వాతి ఆదివారం కార్యక్రమం వచ్చింది. ముందు అని పెరడు చూపించారు, తర్వాత అని పసుపు గోడ చూపించారు. రెండూ నిజమే, రెండూ ఆ ఇంటివే. చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి కొత్తిల్లు అదిరిందన్నారు. ఆయన అందరికీ థాంక్స్ చెప్పి, తలెత్తకుండా కూర్చున్నాడు. ఆమె దగ్గు విన్నప్పుడల్లా ప్రాణం చచ్చినట్టుంది.

ఆమె పొయ్యి మీదనుంచి చూపు తిప్పకుండానే అంది.

"ఏ పనైనా వెనకా ముందూ చూసుకుని చెయ్యాలండీ."

ఆయన ఆ వాక్యాన్ని అలవాటు కొద్దీ మనసులో రెండుసార్లు చదువుకున్నాడు. దిద్దడానికి ఒక్క తప్పూ దొరకలేదు.