ముందు కొన్న మహానుభావుడు

"తూనికలు, కొలతల కార్యాలయ సిబ్బందికి తెలియజేయడమేమనగా, సూపరింటెండెంటు గారి ల్యాప్‌టాప్ ధర తగ్గినంత మాత్రాన సూపరింటెండెంటు గారు తగ్గినట్టు కాదు. తగ్గినట్టు భావించువారిపై తగు చర్య తీసుకొనబడును."

ఈ సర్క్యులరు సోమవారం ఉదయం నోటీసు బోర్డెక్కింది. రాసిందీ, సంతకం పెట్టిందీ, నాలుగు మూలలా పిన్నులు గుచ్చిందీ సూపరింటెండెంటు గారే.

ఆయనకు ఆఫీసులో బోణీగారని పేరు. ఏ వస్తువైనా బజారులో దిగిన రోజునే కొనకపోతే ఆయనకు ముద్ద దిగదు. రెండేళ్ళ కిందట ల్యాప్‌టాప్‌నీ అలాగే కొన్నారు. తొంభై వేలు. మూత మీది ధర చీటీ ఇప్పటికీ పీకలేదు. పీకితే ఇక కొన్నదెందుకు? రోజూ దాన్ని పసిబిడ్డలా రెండు చేతులా మోసుకొచ్చి, చీటీ అందరికీ కనబడేలా బల్లమీద పెట్టుకుంటారు. ఆఫీసు ఉత్తరాలు మాత్రం టైపిస్టు కంప్యూటర్లో కొట్టించుకుంటారు. అరిగిపోతుందేమోనని భయం.

మొన్న శుక్రవారం అటెండరు తన సంచీలోంచి అచ్చం అలాంటిదే తీశాడు.

"ఏమయ్యా, ఎక్కడిదది?"

"కొన్నాను సార్, మా పిల్ల చదువుకి. మీదాని లాంటిదే, అదే రంగు. మీది పాతదీ, నాది కొత్తదీ. అంతే తేడా."

"ఎంతకిచ్చాడు?"

"ముప్పై రెండు వేలు. గట్టిగా అడిగితే ఇంకో వెయ్యి తగ్గేదట, నాకు బేరం చేతకాక ఊరుకున్నాను."

బోణీగారు ఆ పూట టీ ముట్టలేదు. పాల ధర పెరిగింది. ఇంటద్దెలు పెరిగాయి. తన రక్తపోటు సైతం ఏడాదికింత చొప్పున క్రమశిక్షణతో పెరుగుతోంది. పెరగడమే పరువుగల వస్తువు లక్షణం. మరి ఇదొక్కటే ఎందుకు దిగజారింది? శని, ఆదివారాలు ఆలోచించి, చిన్న జీతాలవాళ్ళు కొనడం వల్లనే ధర కూడా చిన్నదైపోతోందని తేల్చుకున్నారు. మంగళవారం రెండో సర్క్యులరు వచ్చింది. పై అధికారి వాడుచున్న వస్తువును కింది ఉద్యోగి కొన్నచో సంచీలోంచి బయటికి తీయరాదు. అటెండరు నిక్కచ్చి మనిషి. అతని కూతురు రెండు రోజులు తల సంచీలో పెట్టి చదువుకుంది.

అయినా ధర పెరగలేదు. ఇంకో రెండు వేలు తగ్గింది. దాంతో లెక్కల గుమాస్తా, టైపిస్టు, స్టోరుకీపరు సభ్యులుగా విచారణ సంఘం ఏర్పాటైంది. సంఘం ల్యాప్‌టాప్ దుకాణాన్ని మూడుసార్లు సందర్శించి, దుకాణదారు ఖర్చుతో తొమ్మిది కూల్‌డ్రింకులు తాగి, అతని వాంగ్మూలం నమోదు చేసింది.

"చూడండి, మొదటిది తయారు చెయ్యాలంటే ఇంజనీర్ల జీతాలు, ఫ్యాక్టరీ, చెడిపోయిన సరుకు, అంతా ఖర్చే. అదంతా ముందొచ్చినవాళ్ళ నెత్తిన రుద్దుతారు. తర్వాత చెయ్యి తిరుగుతుంది, లక్షల్లో చేస్తారు, పోటీకి ఇంకొకడు దిగుతాడు. ఈలోగా ఇంకా మంచిది వస్తే ఇది కింది అరలోకి పోతుంది. ధర దిగక ఏం చేస్తుంది? మీ బోణీగారి లాంటివాళ్ళు ముందు కొనబట్టే కదా వెనకవాళ్ళకి చౌక!"

సంఘం తన నివేదికను ఒక్క వాక్యంలో ముగించింది. "ధర పడిపోవుటకు కారకులు సూపరింటెండెంటు గారేనని నిర్ధారించడమైనది." ముప్పై ఏళ్ళ సర్వీసులో కూడిక తప్పని లెక్కల గుమాస్తా దానికి మూడు ముద్రలు వేశాడు.

బోణీగారు ముగ్గురినీ సస్పెండు చెయ్యడానికి కలం మూత తీశారు. అప్పుడే అటెండరు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"నా ల్యాప్‌టాప్‌కి మూడొంతుల్లో రెండొంతులు మీరే కట్టారట కదా తాతగారూ! దుకాణంలో చెప్పారు. చాలా థాంక్సండీ."

కలానికి మూత పడింది. ముద్దాయి దాత అయ్యాడు. ఇంత చౌకగా మనిషి మారిన దాఖలా ఆ ఆఫీసు రికార్డుల్లో లేదు.

మర్నాడు మధ్యాహ్నం, సాంకేతిక కారణాల వల్ల ఆఫీసు మూసి, అభినందన సభ జరిపారు. లెక్కల గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

"సోదర ఉద్యోగులారా! ఈయన ముందుగా మునగకపోతే మనకు నీళ్ళ లోతు తెలిసేదా? ఈయన జేబు చిరిగితేనే కదా మన జేబు మిగిలింది! అయ్యా, మీరు ఆగకూడదు. వచ్చే శుక్రవారం కొత్తది దిగుతోంది. లక్షా నలభై వేలట. మా పిల్లలు ఎదుగుతున్నారు!"

చప్పట్లు ఆగలేదు. పెద్ద టీవీ సంగతి కూడా ఎత్తమని స్టోరుకీపరు వెనకనుంచి గుమాస్తా చొక్కా లాగాడు.

ఇంట్లో మాత్రం చప్పట్లు లేవు. పడకగదిలో కారుతున్న కప్పు కింద భార్య బకెట్టు మారుస్తోంది.

"కప్పు బాగుచెయ్యడానికి మేస్త్రీ నిరుడు ముప్పై వేలు అడిగాడు, ఈసారి యాభై అంటున్నాడు. ఆగినకొద్దీ పెరిగేదాన్ని ఆపుతారు. ఆగినకొద్దీ తగ్గేదానికి పరిగెడతారు. మీ బుర్రని ఏ తూకంరాయితో తూచాలండీ?"

"నీకు సమాజం గురించి తెలియదు."

"మీ గురించి సమాజానికి బాగా తెలిసింది!"

శుక్రవారం దుకాణం తలుపు తెరిచేసరికి బోణీగారు మెట్లమీద ఉన్నారు.

"రండి సార్! మొదటిరోజు కదా, పది శాతం తగ్గింపు."

"తగ్గింపా? నాకా?"

"అందరికీ సార్. బిల్లులో దానంతటదే పడుతుంది."

"తీసెయ్. నేను పూర్తి ధర ఇవ్వకపోతే రేపు అంతమంది పిల్లలు ఎలా చదువుకుంటారయ్యా?"

తగ్గింపును తొలగించడానికి దుకాణదారుకు అరగంట పట్టింది. అలాంటి కోరిక అతని యంత్రం ఎన్నడూ విని ఉండలేదు. బోణీగారు లక్షా నలభై వేలూ చెల్లించి, కొత్త పెట్టెను ఎత్తుకుని బయటికొచ్చారు. సిబ్బంది రోడ్డుకు రెండువైపులా నిలబడి చప్పట్లు కొట్టారు. టైపిస్టు మాత్రం డైరీ తీసి, రెండేళ్ళ తర్వాతి తేదీ లెక్కగట్టి, దానికెదురుగా తన పేరు రాసుకుంది.

ఇలాంటి మహానుభావుడు ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు. మీ ఆఫీసులో ఎవరో వెతకండి. ఎంత వెతికినా కనబడకపోతే, ఈ మధ్య మీరేం కొన్నా చుట్టూ ఉన్నవాళ్ళు ఎందుకంత సంతోషిస్తున్నారో ఆలోచించండి.