ఐదు పాయింట్ పది

కాఫీ చల్లారేలోపు దశాంశాలు నేర్చేసుకుని పనికి వెళ్ళిపోవాలి. ఆ ఉదయం వడ్రంగి వేసుకున్న పథకం ఇంతే. శవపేటికల కొట్లో పనిచేస్తూనే జుట్టు నెరిసింది ఆయనకి. పావు, అర, ముప్పావు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కానీ యజమాని కొత్తగా తెచ్చిన కోత యంత్రానికి పాయింట్లు తప్ప మరో భాష ఎక్కదు. యజమాని మనిషి పొట్టి, నోరు పెద్దది. "రేపటికి నేర్చుకో, లేదంటే ఇంట్లో కూర్చో" అనేసి, వడ్రంగి టేపు లాక్కుని సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఇకమీదట కళ్ళను కాదు, యంత్రాన్ని నమ్మాలట!

"అర అంటే పాయింట్ ఐదు. ముప్పావు అంటే పాయింట్ ఏడు ఐదు," అంది కూతురు.

"మరి పాయింట్ ఐదు పక్కన సున్నా పెడితే?"

"చివరి సున్నాకి విలువ లేదు నాన్నా. ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"ఓస్, ఇంతేనా!" అని ఆయన మీసం దువ్వుకున్నాడు. అప్పుడే ఫోను మోగింది. భార్య అన్నయ్య పోయాడు.

వడ్రంగి కాఫీ పక్కన పెట్టేశాడు. బావ ఎప్పుడూ ఆయన్ని వెటకారం చేసేవాడే. కానీ కాలు విరిగినప్పుడు ఆసుపత్రికి మోసుకెళ్ళిందీ ఆ బావే. భార్య ఏడుస్తూనే ఒక మాట అంది. "అన్నయ్య పెట్టె మీరే చెయ్యండి. ఆయన్ని దర్జాగా పంపించండి. ఇంకేమీ అడగను మిమ్మల్ని."

బావ పొడవు, తల దగ్గరా కాళ్ళ దగ్గరా కాస్త జాగా కలిపితే ఐదడుగుల పది అంగుళాలు. వడ్రంగి యంత్రం ముందు నిలబడి ఐదు నొక్కాడు, చుక్క పెట్టాడు, పది నొక్కాడు. తెర మీద చివరి సున్నా మాయమైపోయింది. అమ్మడు చెప్పినట్టే జరిగిందని ఆయన పొంగిపోయాడు. చెక్క కురచగా అనిపించింది. కళ్ళు తుడుచుకుని చూశాడు, అప్పుడూ కురచగానే ఉంది. కానీ టేపు సొరుగులో ఉంది. ఏడ్చిన కళ్ళను నమ్మి ఉద్యోగం పోగొట్టుకునే ధైర్యం ఆయనకు లేకపోయింది.

మధ్యాహ్నం బావ ఇంట్లో ఆయన్ని పెట్టెలో దించబోతే మోకాళ్ళు పైకి లేచాయి. కాళ్ళు చాపితే తల బయటికి వచ్చింది.

"ఏవండీ, ఇదేనా దర్జా!" అంది భార్య. వడ్రంగికి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

పెరట్లోకి పరిగెత్తి, తమ ఇంటి దగ్గరే ఉన్న కూతురికి ఫోను చేశాడు. "అయ్యో నాన్నా! అడుగుకి పన్నెండు అంగుళాలు కదా. పదిని పన్నెండుతో భాగించాలి. పాయింట్ ఎనిమిది మూడు మూడు మూడు..."

"ఎక్కడ ఆగుతుందే?"

"ఎక్కడా ఆగదు. మూళ్ళు వస్తూనే ఉంటాయి."

"మనిషే ఆగిపోయాడు, అంకె ఆగదా!" అని వడ్రంగి బావురుమన్నాడు.

"ఆరు అని కొట్టెయ్యి నాన్నా. మామయ్య కాస్త విశాలంగా పడుకుంటాడు."

ఆయన కొట్టుకి పరిగెత్తబోతుంటే గుమ్మంలో యజమాని ఎదురొచ్చాడు. సంగతి అప్పటికే చెవిన పడింది. అంతమందిలో తన యంత్రానికి మాట రావడం ఆయన భరించలేకపోయాడు.

"పెట్టెలో తప్పేం లేదు! మీకు పడుకోబెట్టడం చేతకాలేదు. ఇలా భుజాలు ముందు, కాళ్ళు తర్వాత," అంటూ చెప్పులు విడిచి తానే పెట్టెలోకి దిగి వెల్లకిలా పడుకున్నాడు.

తల ఆ చివర తాకింది, పాదాలు ఈ చివర తాకాయి. భుజాలు రెండు వైపులా హాయిగా ఆనాయి. ఏడుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. అందరూ ఆయన్నే చూశారు.

"అచ్చు కుట్టించినట్టుంది," అన్నారెవరో మెల్లగా.

యజమాని లేచి, చెప్పులు మరిచిపోయి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి బావ ఆరడుగుల పెట్టెలో దర్జాగానే వెళ్ళాడు. మర్నాడు వడ్రంగి, ఎలాగూ ఉద్యోగం పోయిందనుకుని, పనిముట్లు తీసుకుపోదామని కొట్టుకి వెళ్తే, సొరుగు తెరిచి ఉంది. టేపు బల్ల మీద ఉంది.

"నీ టేపు నువ్వు తీసుకో. ఆ కురచ పెట్టె మాత్రం పగలగొట్టు," అన్నాడు యజమాని గోడవైపు చూస్తూ.

"మంచి చెక్కండీ, ఎవరికైనా..."

"పగలగొట్టమన్నానా!"

ఆ కొట్లో వెంట్రుకవాసి తేడా లేకుండా ఒక మనిషికి కుదిరిన పెట్టె అదొక్కటే. దాని ముక్కలతో వడ్రంగి ఇంట్లో వారం రోజులు నీళ్ళు కాచుకున్నారు.