మూడు కాపీలు, ఒక పొట్టేలు

ఆ ఆదివారం ఉదయం వెంకటేశం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ముందు టీ కప్పు, తర్వాత బ్యాకప్పు సంగతి ఒకసారి గుర్తు చేసుకోవడం, ఆపైన కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయడం, చివరగా తలకాయ కూరతో భోజనం.

సూర్యాపేటలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో అతను సీనియర్ అసిస్టెంటు. కంప్యూటర్ల గురించి అతనికి తెలిసింది కొంచెం, చెప్పేది బోలెడు. ఆఫీసులో ఏ ప్రింటర్ మొరాయించినా వెళ్లి రెండు తట్టేవాడు. అది కదిలేది. అలా అతనికి నిపుణుడన్న పేరొచ్చింది, ప్రింటర్‌కు సొట్టలొచ్చాయి. "నేను తట్టి లేపుతా, నా తలకాయను తట్టేవాడే లేడు" అని అతనే అనేవాడు. ఆ మాటలో నిజమెంతో ఆ రోజు సాయంత్రానికి గాని తెలియలేదు.

డిజిటల్ కెమెరా కొన్న కొత్తలో ఏదో పత్రికలో చదివాడు: ఫొటోలు మూడు కాపీలుండాలి, మూడూ ఒక్కచోట ఉండకూడదు. వెంటనే మూడు డీవీడీలు తయారుచేశాడు. ఒకటి ఇంట్లో బీరువాలో పెట్టాడు. ఒకటి కోదాడలో ఉన్న తోడల్లుడు శ్రీహరికి, ఇంకొకటి నేరేడుచర్ల దగ్గరి పల్లెలో ఉన్న మామ గట్టయ్యకు ఇచ్చాడు. ఆ పని చేసిన రోజు అతనికి మూడు బ్యాంకుల్లో లాకర్లున్నంత ధీమాగా నిద్ర పట్టింది.

"కంప్యూటర్ల ఉన్నయన్నీ తుడిసేస్తరా? మా అమ్మగారింటి ఫొటోలు గూడ అండ్లనే ఉన్నయ్ గదా" అంది భార్య సరళ, వంటింట్లోంచి.

"మూడు ఊర్లల్ల మూడు కాపీలున్నయి. భూకంపమొచ్చినా ఒకటి మిగుల్తది."

"భూకంపం సంగతేమో గని, మీరు ముట్టుకుంటేనే నాకు భయం."

వెంకటేశం ముట్టుకున్నాడు. కంప్యూటర్ ఆలోచించి ఆలోచించి అన్నీ మరిచిపోయింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. గట్టయ్య.

"అల్లుడా, మల్లిగాడు దొరికిండు."

గట్టయ్యకు గొర్రెలు మందెడున్నాయి, మల్లిగాడు మాత్రం ఒక్కడే. పుట్టగానే తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచిన పొట్టేలు. రాత్రిళ్లు గట్టయ్య మంచం కిందే పడుకునేది. మేతకు పోయి తప్పిపోయినప్పటి నుంచి గట్టయ్య అన్నం ముందు కూర్చోవడమే తప్ప తిన్నది లేదు.

"మిర్యాలగూడ కాడ సైదయ్య మందల ఉన్నడు. గాయిన నాదే అంటుండు. పెద్దమనుషులేమో నీదేనని నమ్మకమేందని అడుగుతున్రు. పొద్దుగూకేలోపల సూపియ్యకుంటే రేపు సంతకు తోలుకపోతడట. సంతకు పోతే ఇగ కూరే గద అల్లుడా."

వెంకటేశం ముక్కుకు వంటింట్లోంచి తలకాయ కూర వాసన తగిలింది. జీవితంలో మొదటిసారి ఆ వాసనకు అతను తలదించుకున్నాడు.

"బోనాలప్పుడు నువ్వు ఫొటో తీస్తివి గదా" అన్నాడు గట్టయ్య.

"తీసిన మామా. అండ్ల మల్లిగాడే హీరో."

"ఇంకోటి అల్లుడా. నువ్విచ్చిన గా బిళ్ళ ఉన్నది సూడు, గది..."

"బిళ్ళ కాదు మామా, డీవీడీ. దాని సంగతి నీకు తెల్వదు, నాకిడిసిపెట్టు. ఫొటో పట్కొని నేనే వస్తున్న. జర నిమ్మళంగుండు" అని ఫోను పెట్టేసి, ఫొటో కోసం కంప్యూటర్ వైపు తిరిగాడు.

అది అప్పుడే పుట్టిన బిడ్డలా ఉంది. తన పేరేమిటో కూడా అతన్నే అడుగుతోంది.

"ఏం పర్వాలేదు" అని తనకు తానే చెప్పుకుని బీరువా తెరిచాడు. డీవీడీని పురుగు కూడా ముట్టకూడదని పట్టుచీరల మధ్య పెట్టి, చుట్టూ గుప్పెడు డాంబరు గోలీలు పోసింది అతనే. పురుగు ముట్టలేదు. గోలీలే ముట్టుకున్నాయి. కవరూ గోలీలూ కరిగి, డిస్కును పట్టుకుని వదలనంటున్నాయి. పీకి పెడితే కంప్యూటర్ రెండుసార్లు మూలిగి బయటికి తోసేసింది.

"పురుగులు గిట్ట పట్టలేదు గదా" అని అడిగింది సరళ. ఆ గొంతులో సానుభూతి ఎంత వెతికినా కనబడలేదు.

వెంకటేశం కోదాడకు ఫోను చేశాడు. "మీరిచ్చింది మా దగ్గర భద్రంగా ఉందన్నా, ఒక్క గీత కూడా పడనివ్వలేదు" అన్నాడు శ్రీహరి. కంప్యూటర్‌లో సి డ్రైవు, డి డ్రైవు ఖాళీ అయినవాడికి ఇక మిగిలింది బస్సు డ్రైవరే. మిట్టమధ్యాహ్నానికి కోదాడ చేరాడు.

శ్రీహరి నిజంగానే భద్రంగా దాచాడు. తాళం తీసి, గుడ్డ విప్పి, డిస్కును టీవీ కింద ప్లేయర్‌లో పెట్టాడు. తెరమీద పదిమంది పిల్లలు నెమలి ఈకలు కట్టుకుని గెంతారు.

"ఎడమవైపు మూడోవాడు మావాడే. బడి వార్షికోత్సవం" అన్నాడు శ్రీహరి మురిసిపోతూ.

"నా ఫొటోలు ఎక్కడ?"

"స్టూడియోవాడు డిస్కు తెచ్చుకుంటే ఎక్కించి ఇస్తానన్నాడన్నా. మీరిచ్చింది చెరిపి మళ్లీ రాసుకునే రకమంటగా. దానిమీదే ఎక్కించాడు. పైన మావాడి డాన్సుంటే, కింద మీ ఫొటోలుంటాయి కదా?"

తోడల్లుడికి మర్యాద చేయాలని ఏరికోరి ఆ ఖరీదైన రకం కొన్నది తనేనని వెంకటేశానికి గుర్తొచ్చింది. డాన్సు పూర్తయ్యేదాకా శ్రీహరి కదలనివ్వలేదు. నెమళ్లు ఎంతకీ ఆగలేదు.

ఇక మిగిలింది మూడో కాపీ. హుజూర్‌నగర్ మీదుగా నేరేడుచర్లలో దిగి, ఆటో మాట్లాడుకుని అత్తగారింటికి పరిగెత్తాడు. ఆటోను వాకిట్లోనే ఆపి, లోపలికైనా వెళ్లకుండా అడిగాడు.

"అత్తా, నేనిచ్చిన డీవీడీ ఏది?"

"గదేనా బిడ్డా? అది మల్లిగాడితోనే పాయె" అంది ఆండాలు.

వెంకటేశానికి "పాయె" ఒక్కటే వినిపించింది. పొట్టేలు పోయినప్పుడే అదీ పోయిందన్నమాట. ఆండాలు "అది గాదు, మీ మామ దాన్ని..." అంటుండగానే ఆటో మలుపు తిరిగింది.

మిర్యాలగూడ శివార్లలో సైదయ్య గొర్రెల దొడ్డి దగ్గరికి చేరేసరికి ఎండ చల్లబడింది. వేపచెట్టు నీడన ఇద్దరు పెద్దమనుషులు, చెరో పక్క సైదయ్య, గట్టయ్య. నడుమ మల్లిగాడు ఎవరి పక్షమూ కాదన్నట్టు నెమరేస్తున్నాడు.

"మా అల్లుడొచ్చిండు. ఫొటో తెచ్చిండు" అని గట్టయ్య లేచి నిలబడ్డాడు.

వెంకటేశం ఖాళీ చేతులు చూపించలేక, ముందు ఉపన్యాసం మొదలుపెట్టాడు. మూడు కాపీలు ఎందుకుండాలో చెప్పాడు. మూడు ఊళ్లు ఎందుకుండాలో చెప్పాడు. పెద్దమనుషులు శ్రద్ధగా విన్నారు.

"మంచిగ చెప్పినవ్. మరి ఫొటో ఏది?" అన్నాడు పెద్దాయన.

"లేదు."

"మూడింట్ల ఒక్కటి గూడ?"

"ఒక్కటి గూడ."

"మేము ఒక్కటే తీపిచ్చుకుంటం. గోడకు కొట్టుకుంటం. అది ఎటూ పోదు" అన్నాడు రెండో పెద్దాయన.

గట్టయ్య కండువాతో ముఖం తుడుచుకుని మల్లిగాడి వీపు నిమిరాడు. అది చూసిన వెంకటేశానికి భూమిలోకి దిగిపోవాలనిపించి, అది కుదరక అక్కడే ఒక రాయిమీద కూలబడ్డాడు.

"కొట్లాడి కొట్లాడి ఏం లాభం" అన్నాడు సైదయ్య. "నా మందల పెరిగిన పొట్టేలు. మెడల బిళ్ళ గూడ నేనే కట్టిన, దిష్టి తగల్కుంట."

"ఎట్లెట్ల? బిళ్ళ నేను కట్టిన" అన్నాడు గట్టయ్య.

ఇద్దరూ కట్టామంటున్న ఆ బిళ్ళ మట్టికొట్టుకుని, ఉన్నిలో సగం కూరుకుపోయి ఉంది. మల్లిగాడు వచ్చి వెంకటేశం చొక్కా జేబు నమలడం మొదలుపెట్టాడు. అందులో బస్సు టికెట్టుంది. అతను జేబు విడిపించుకునేందుకు మెడతాడు పట్టి లాగాడు. బిళ్ళ తిరగబడింది. మట్టికింద నల్ల అక్షరాలేవో కనిపించాయి. వేలికి ఉమ్మి రాసి తుడిచాడు. ఆఫీసులో రోజూ చూసి విసుగెత్తిన చేతిరాత, తనదే.

అప్పుడు గట్టయ్య ఫోనులో "బిళ్ళ" అన్నదీ, ఆండాలు "మల్లిగాడితోనే" అన్నదీ వరసగా గుర్తొచ్చాయి. డీవీడీ అంటే దిష్టి విరిచే డిస్కు అని మామకున్న జ్ఞానం తనకు లేకపోయింది.

"సైదయ్యా, బిళ్ళ మీద ఏం రాసుంది?" అని అడిగాడు గొంతు సవరించుకుని.

సైదయ్య తడుముకున్నాడు. "ఏముంటది, దిష్టి మంత్రం."

పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని, మల్లిగాడి గడ్డం ఎత్తి పట్టుకుని, అందరికీ వినబడేలా చదివాడు. "కాపీ మూడు. సరళ పుట్టింటి ఫొటోలు. ఎండకు, నీటికి, దుమ్ముకు దూరముగా ఉంచవలెను. ఇట్లు, వెంకటేశం, సూర్యాపేట."

మల్లిగాడు తల విదిలించి గడ్డం విడిపించుకున్నాడు.

"మంత్రం మంచిగనే ఉన్నది. కని మీ తాన వెంకటేశం ఎవరు సైదయ్యా?" అన్నాడు రెండో పెద్దాయన.

సైదయ్య తల గోక్కున్నాడు. "మందల వచ్చి కలిసింది. యజమాని ఎవ్వడు రాకపాయె. మంచి పొట్టేలు, ఇడిసిపెట్ట మనసొప్పలే" అని తాడు గట్టయ్య చేతిలో పెట్టాడు. గట్టయ్య తాడు పట్టుకోలేదు. ముందు మల్లిగాడి మెడ పట్టుకున్నాడు.

"మామా, ఫోనులనే చెప్తే అయిపోతుండె గదా" అన్నాడు వెంకటేశం.

"చెప్పనిస్తివా?" అన్నాడు గట్టయ్య.

డిస్కును ఇంటికి తెచ్చాక సరళ దాన్ని టూత్‌పేస్టుతో రుద్ది, కడిగి, కొంగుతో తుడిచింది. ఆశ్చర్యంగా ఫొటోలన్నీ తెరుచుకున్నాయి. వెంకటేశం ముందుగా బోనాల ఫొటో తెరిచాడు. సరళ ఉంది, ఆండాలు ఉంది, గట్టయ్య ఉన్నాడు. మల్లిగాడు ఉండాల్సిన చోట, తెరలో మూడో వంతు, వెంకటేశం బొటనవేలు ఉంది. వేలి పక్కన ఒక కొమ్ము కొస.

"హీరో బాగున్నడు" అంది సరళ.

వెంకటేశం మళ్లీ మూడు డీవీడీలు తయారుచేశాడు. ఈసారి బీరువాలో గోలీలు లేవు, కోదాడకు ఇచ్చింది చెరిపే రకం కాదు.

మూడో కాపీ మాత్రం రోజూ పొద్దున్నే మేతకు వెళ్లి, చీకటి పడేలోగా ఇంటికి తిరిగొస్తోంది.